తేనెటీగల కాలనీ అని చదువుకోవలెను

పల్లంపేట మునిసిపాలిటీలో తెలుగు క్షుణ్ణంగా వచ్చినవాడు కామేశం ఒక్కడేనని ప్రతీతి. ఆ ప్రతీతిని పుట్టించిందీ, ఇరవై రెండేళ్ళుగా పోషిస్తున్నదీ కూడా కామేశమే. పైనుంచి ఇంగ్లీషులో దిగే ఉత్తర్వులని తెలుగులోకి మార్చి కింది సెక్షన్లకి పంపడం అతని ఉద్యోగం. అందుకున్నవాళ్ళు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంగ్లీషు ప్రతి ఏమైనా ఉందా అని కబురు పెట్టేవారు. తన భాషలో లోతు ఎక్కువ, వాళ్ళకి ఈత రాదు, అంతకన్న ఏమీ లేదని కామేశం సరిపెట్టుకునేవాడు.

అతని వాక్యాలన్నీ ‘వలెను’తో ముగుస్తాయి. చేయవలెను, తొలగించవలెను, గమనించవలెను. ‘వలెను’ లేకపోతే అది ఉత్తర్వు కాదనీ, ఉత్త కబురనీ అతని సిద్ధాంతం. ఇంట్లో ఉప్పు అడిగేటప్పుడు కూడా ఒకటి రెండుసార్లు నోరు జారాడు గానీ భార్య భ్రమరాంబ చూసిన చూపుకి మళ్ళీ జారలేదు.

అలాంటి కామేశానికి నిరుడు తేనెటీగల పిచ్చి పట్టింది. పట్టలేదు, పట్టించారు. పెరట్లో తేనెటీగలు పెంచితే పట్టణం బాగుపడుతుందని ఉద్యానశాఖవాళ్ళు ఆఫీసులో తలొక పెట్టె అంటగట్టారు. మిగతావాళ్ళు ఆ పెట్టెల్లో ఉల్లిపాయలు పోసుకున్నారు. కామేశం మాత్రం నిజంగానే పెంచాడు. వీధివైపు, గేటు పక్కన, వచ్చేపోయేవాళ్ళకి కనబడేలా పెట్టాడు. ఈగలు దండిగా పెరిగి పెట్టె కళకళలాడింది. దాన్ని అందరికీ చూపించి, తేనెటీగల జీవనవిధానం మీద అరగంట మాట్లాడి, చివర్లో కుట్టించుకుని లోపలికి వెళ్ళేవాడు.

రెండో పెట్టె భ్రమరాంబది. నాలుగు నెలల కిందట పెరట్లో మునగచెట్టుకి చేటెడు ఈగలు గుంపుగా వేలాడుతుంటే, ఆవిడ చెంగు నడుముకి దోపి, తడిగుడ్డ ఒకటి పట్టుకుని, నిదానంగా వాటిని చిన్న చెక్కపెట్టెలోకి దింపుకుంది. ఒక్కటీ కుట్టలేదు. నూతి దగ్గర ఆ పెట్టె పెట్టుకుని రోజూ కాఫీ గ్లాసుతో దాని ఎదురుగా కూచుంటుంది. అందులో ఈగలు తక్కువ, బలం తక్కువ, తేనె అసలే లేదు. ఆవిడకి ఆ పెట్టంటే ప్రాణం.

ఇది ఇలా ఉండగా పల్లంపేటకి త్రిలోచనరావు గారనే కొత్త కమిషనర్ వచ్చారు. వచ్చిన నెలకే ‘తేనె పట్టణం’ పోటీ ఒకటి వచ్చింది. చలికాలానికి తేనెపెట్టెలని ఏ పట్టణం బాగా సిద్ధం చేస్తే దానికి బహుమతి. పల్లంపేటలో చలికాలం అంటే కార్తీకం చివర్లో ఓ తెల్లవారుజామున ఫ్యాను ఆపేస్తే వచ్చినట్టు, మళ్ళీ వేస్తే వెళ్ళినట్టు. అయినా పోటీ పోటీయే.

"కామేశం గారూ, క్షేత్రస్థాయిలో శీతాకాల సన్నద్ధతకి సంబంధించి పది సూత్రాలు కావాలి," అన్నారు కమిషనర్. "తొమ్మిదైతే నిర్లక్ష్యం కిందికి వస్తుంది, పదకొండైతే అతి. ఇదిగో ఇంగ్లీషు పుస్తకం. తమరు తెలుగులోకి తేవాలి. కానీ ఒక్క మాట. ఈసారి అందరికీ అర్థం కావాలి."

ఈ చివరి మాటకి ఒక చరిత్ర ఉంది. నిరుడు కామేశం ‘పట్టుల సంరక్షణ’ అని ఒక ఉత్తర్వు రాశాడు. తేనెపట్టులని అతని భావం. అది తిన్నగా పట్టుపరిశ్రమ శాఖకి వెళ్ళింది. అక్కణ్ణుంచి ఇద్దరు అధికారులు వ్యానులో మల్బరీ మొక్కలు వేసుకొచ్చి, పురుగులెక్కడని కామేశం పెరడంతా వెతికారు. ఆ మొక్కల్లో ఒకటి నూతి దగ్గర ఇప్పటికీ ఉంది. దాన్ని సవరిస్తూ ‘ఈగల సంరక్షణ’ అని రెండో ఉత్తర్వు రాస్తే, ఈగలనగానే శానిటరీ ఇన్‌స్పెక్టర్ లోవరాజు బస్తా బ్లీచింగు పౌడరు తెచ్చి పెట్టెల చుట్టూ చల్లిపోయాడు.

కాబట్టి కామేశం ఈసారి జాగ్రత్తపడ్డాడు. పట్టు అనకూడదు. ఈగ అనకూడదు. ఇంగ్లీషు పుస్తకంలో కాలనీ అని ఉంది. కాలనీ అంటే అర్థం కానివాడు పల్లంపేటలో ఎవడూ లేడు కాబట్టి అది అలాగే ఉంచాడు. మగ ఈగలని తెలుగులో పోతుటీగలంటారు. పోతు అన్న మాట ప్రభుత్వ కాగితం మీద బాగుండదు. నిఘంటువు తీస్తే ‘సోమరి’ అని కూడా కనిపించింది. ‘సోమరులైన పురుష సభ్యులు’ అని రాసి, ఆ ప్రయోగానికి తనే మురిసి, లేచి రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగాడు. విషయం అన్నచోట ‘తేనె పట్టణం: శీతాకాల సన్నద్ధత’ అని పెట్టాడు. పది సూత్రాలూ పూర్తయ్యేసరికి ఆ కాగితంలో తేనెటీగ అన్న మాట ఎక్కడా లేదు. ఆ సంగతి కామేశానికి తట్టలేదు. అతని మనసులో నిండా తేనెటీగలే ఉన్నాయి మరి.

ఇంటికొచ్చి భ్రమరాంబకి చదివి వినిపించాడు.

"ఆరో సూత్రం విను. బలహీన కాలనీలను బలమైన కాలనీలలో విలీనము చేయవలెను. అందుకు ముందుగా బలహీన కాలనీ రాణిని తొలగించవలెను. రెంటి నడుమ ఒక వార్తాపత్రిక పరచవలెను. మూడు దినములలో దానిని వారే చించుకొని కలిసిపోవుదురు."

భ్రమరాంబ బియ్యం ఏరడం ఆపింది. "తొలగించడమంటే?"

"అంటే... చంపడమే. ఒక పెట్టెలో ఇద్దరు రాణులుంటే పొసగదు. మన చిన్న పెట్టెని వచ్చే ఆదివారం పెద్దదాంట్లో కలిపేద్దాం. అలా బలహీనంగా వదిలేస్తే చలికి పోతాయని పుస్తకంలో ఉంది."

"ఏం చలి? మీరు చొక్కా లేకుండా కూచున్నారు."

"సూత్రం సూత్రమే కదా."

"ఏమండీ, నా పెట్టె జోలికి రాకండి. ఆ రాణిని నా చేత్తో దింపుకున్నాను. ధనుర్మాసం వెళ్ళేదాకా ఆగండి. అప్పటికీ పుంజుకోకపోతే మీ సూత్రం, మీ ఇష్టం."

కామేశం ఆగుతానన్నాడు. అంత మాత్రానికే పెద్ద త్యాగం చేసినట్టు మొహం పెట్టాడు.

ఉత్తర్వు వెళ్ళిన నాలుగో రోజు పొద్దున్న ఆరింటికి కామేశం పాలకోసం బయటికొస్తే, శాంతినగర్ కాలనీలో డాబాల మీద మునిసిపాలిటీవాళ్ళు చీపుళ్ళతో, గోనెపట్టాలతో తుడుస్తూ కనిపించారు. కింద లోవరాజు మంకీక్యాపు పెట్టుకుని పర్యవేక్షిస్తున్నాడు.

"ఏం చేయిస్తున్నావయ్యా లోవరాజూ?"

"మంచు తీయించేత్తన్నానండి. ఎనిమిదో సూత్రం గదండీ. కప్పు మీద మంచు ఎప్పటికప్పుడు తొలగించవలెను అని. ఇటు తుడుత్తంటే అటు పడిపోతందండి, నాలుగింటి కాణ్ణుంచీ ఇదే పని."

ఇంగ్లీషు పుస్తకంలో మంచంటే మోకాళ్ళ లోతున పడే మంచు. "అది ఇళ్ళ కప్పులు కాదే..." అని కామేశం మొదలుపెట్టాడు.

"కాలనీలనేగా రాశారండీ? ఊళ్ళో ఉన్న కాలనీలన్నీ లిస్టేసేశాను. మొత్తం ఇరవై మూడు." లోవరాజు మంకీక్యాపు తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఒక్క మాట చెప్పాలండి. ఇన్నేళ్ళ సర్వీసులో మీ తెలుగు మొదట్నించీ చివరిదాకా అర్థమైపోవడం నాకిదే మొదటిసారండి. ఆఫీసంతా అదే అనుకుంటన్నారు. అక్షరం అక్షరం తెలిసిపోయిందంటన్నారండి."

కామేశం నోరు తెరిచే ఉంది. అందులోంచి రావలసిన మాట ‘అవి తేనెటీగల కాలనీలయ్యా’ అన్నది. ఇరవై రెండేళ్ళుగా ఎదురుచూసిన పొగడ్త అప్పుడే చెవిలో పడింది. రెండూ ఒకదానికొకటి అడ్డొచ్చి, చివరికి బయటికొచ్చిన మాట, "చీపురు తడవకుండా చూసుకో."

రేపు చెబుదామనుకున్నాడు. మర్నాడు నాలుగో సూత్రం అమల్లోకి వచ్చింది. ‘ప్రవేశద్వారము రెండు వ్రేళ్ళ వెడల్పునకు కుదించవలెను.’ వేళ్ళు ఎవరివన్న దాని మీద కమిషనర్ గారు సమీక్షా సమావేశం పెట్టారు. రెండు వేళ్ళూ ఒకే చేతివని ఉత్తర్వులో లేదు కాబట్టి, రెండు చేతులూ చాచి కొలవవచ్చని ఒక వర్గం వాదించింది. అలాగైతే ఇప్పుడున్న కాలనీ గేట్లే సరిపోతాయి, ఇక సన్నద్ధత ఏముందని రెండో వర్గం లేచింది. చివరికి మనిషి పక్కవాటుగా పట్టేంత సందు ఉంచి మిగతా గేటంతా వెదురుతడికలతో మూసేశారు. శాంతినగర్ కాలనీ అధ్యక్షుడు పాపారాయుడు భారీ మనిషి. ఆయన లోపలికి ఒకసారి వెళ్ళి, మళ్ళీ బయటికి రావడం దేనికని ఇంట్లోనే ఉండిపోయాడు.

అయిదో సూత్రం ప్రకారం సాయంత్రం పూట డ్రమ్ములతో చక్కెరపాకం వచ్చింది, రెండు పాళ్ళు పంచదార, ఒక పాలు నీళ్ళు. పల్లంపేటలో యాభై దాటినవాళ్ళలో సగం మందికి షుగరు. వాళ్ళు పాకం తాగలేమని చెప్పి, తాగినట్టు సంతకాలు పెట్టి, పాకాన్ని వీధిలో పారబోశారు. ఊరి చీమలకి ఆ ఏడు చలికాలం బాగా గడిచింది.

మూడో సూత్రం దగ్గర అమలు ఊపందుకుంది. ‘సోమరులైన పురుష సభ్యులను శీతాకాలమునకు పూర్వమే వెలుపలికి పంపవలెను.’ సోమరి ఎవరో తేల్చేదెవరు? భార్య ధ్రువీకరిస్తే చాలని కమిషనర్ గారు స్పష్టత ఇచ్చారు. మొదటిరోజు పదకొండు గంటలకల్లా ఫారాలు అయిపోయాయి. మళ్ళీ అచ్చు వేయించారు. రిటైరైనవాళ్ళూ, రిటైరు కాకపోయినా అలా కనిపించేవాళ్ళూ పొద్దున్న తొమ్మిదింటికి గేటు సందులోంచి పక్కవాటుగా బయటికొచ్చి, మునిసిపల్ పార్కులో సాయంత్రం అయిదు దాకా కూచునేవారు. పాపారాయుడి భార్య ఫారంలో ‘ఎప్పట్నుంచి సోమరి’ అన్న గడిలో పెళ్ళి తేదీ వేసింది. ఇంట్లోనే ఉండిపోదామనుకున్న ఆయన్ని ఇద్దరు పట్టుకుని సందులోంచి బయటికి లాగారు.

కామేశం ఆ రోజుల్లో తలొంచుకుని నడిచేవాడు. ఎవరైనా ఆపి తిడతారని భయం. తిట్టినవాళ్ళు లేరు. "మీ భాష ఎంత తేటగా ఉందండీ," అనేవారు. పార్కులో కూచున్న మగవాళ్ళు సైతం, కోపమంతా కమిషనర్ మీద పెట్టుకుని, తెలుగుకి మాత్రం వంక పెట్టలేదు. అతను మళ్ళీ రేపు చెబుదామనుకునేవాడు.

ఆ వారంలోనే కమిషనర్ గారు పిలిచారు.

"ఆరో సూత్రం పెండింగులో ఉంది. పట్టణంలో అతి బలహీనమైన కాలనీ ఏదని సర్వే చేయించాం. టెలిఫోన్ కాలనీ. పన్నెండే ఇళ్ళు. దాన్ని పక్కనున్న శాంతినగర్‌లో విలీనం చేస్తున్నాం. రోడ్డుకి అడ్డంగా వార్తాపత్రికలు అతికించి కట్టమని ఆదేశాలిచ్చాను. ముందుగా బలహీన కాలనీ రాణిని తొలగించాలి కదా. రాణి అంటే సంఘం అధ్యక్షులనే అన్వయం చేసుకున్నాం. నోటీసు తమరే రాయండి. అధ్యక్షురాలి పేరు..." కాగితం చూసి, "భ్రమరాంబ అట," అన్నారు.

కామేశం ఉండేది టెలిఫోన్ కాలనీలో. పన్నెండిళ్ళవాళ్ళూ ఏరి కోరి ఆవిణ్ణి అధ్యక్షురాల్ని చేసి రెండేళ్ళయింది. వీధిలైట్లు వెలిగించినా, కుళాయి బాగుచేయించినా ఆవిడ చలవే. అధ్యక్షురాలి భర్త కావడం తప్ప అందులో కామేశం పాత్ర లేదు.

"సార్, ఆవిడ..." అన్నాడు.

"సమర్థురాలే కావచ్చు. సూత్రంలో మినహాయింపు లేదు. తమరు రాసిందేగా."

నోటీసు రాశాడు. ‘తొలగించవలెను’ దగ్గర కలం ఆగింది గానీ, ఆగి ఏం చేస్తుంది, మళ్ళీ కదిలింది. మడిచి జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళాడు. భ్రమరాంబ నూతి దగ్గర ఉంది. చిన్న పెట్టె ముందు ఈగలు పుప్పొడి కాళ్ళతో దిగుతున్నాయి. మునుపటికన్న ఎక్కువే దిగుతున్నట్టున్నాయి.

ఆవిడ నోటీసు మొదట్నించీ చివరిదాకా రెండుసార్లు చదివింది.

"చేతిరాత మీదే," అంది చివరికి.

"అది... అసలు ఆ సూత్రాలన్నీ తేనెటీగల గురించి భ్రమరా. వాళ్ళు అపార్థం చేసుకున్నారు."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మంచు తుడిచినరోజు నుంచీ."

"పది రోజులు." ఆవిడ కాగితాన్ని మళ్ళీ మడతలమీదే మడిచింది. "ఊరందరికీ మీ తెలుగు అర్థమైందని మురిసిపోయి, నోరు మెదపలేదు. అంతేనా?"

అంతే. కామేశం నూతి దగ్గరి మల్బరీ మొక్క ఆకు ఒకటి తుంచాడు.

"నన్ను తీసేస్తే తీసెయ్యనీండి. వీధిలైటు బాగుచేయించడానికి నాకు పదవక్కర్లేదు. కానీ రేపు ఏడో సూత్రమట, లోవరాజు చెప్పి వెళ్ళాడు. తనిఖీకి ముందు పొగ పెట్టవలెను. దోమల మందు కొట్టే మిషను తెస్తున్నారు. ఆ మందుకి దోమలేమో గానీ, తేనెటీగలు బతకవు. అటు మీ పెట్టె గేటు పక్కనే ఉంది, ఇటు నా పెట్టె. ఏం చేస్తారు?"

"పొద్దున్నే కమిషనర్‌కి నిజం చెప్పేస్తాను. మిషను ఆపిస్తాను. పన్నెండింటికి గదా మన కాలనీ? ఈలోగా ఆర్డరు తెస్తాను."

"తెండి. నేనిక్కడే ఉంటాను."

మర్నాడు తొమ్మిదింటికి వెళ్తే కమిషనర్ గారు తేనె పట్టణం మీద వీడియో సమావేశంలో ఉన్నారు. కామేశం బయట బల్లమీద కూచున్నాడు. ఆయన పదకొండింటికి బయటికొచ్చారు. కామేశం లేచి ఊపిరి బిగబట్టి చెప్పేశాడు. కాలనీ అంటే తేనెటీగల కాలనీ. రాణి అంటే రాణి ఈగ. సోమరులైన పురుష సభ్యులంటే పోతుటీగలు. తప్పు నాది.

త్రిలోచనరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"పది సూత్రాలూ తొంభై రెండు శాతం అమలయ్యాయని ఇప్పుడే నివేదించి వస్తున్నాను. తమరు చెప్పే ఆ తేనెటీగల్లో అమలు ఎంత శాతం?"

"లేదు సార్."

"అంటే సున్నా. తొంభై రెండుని కాదని సున్నా దగ్గరికి వెళ్ళమంటారా? ప్రజలు సహకరించారు, తేనెటీగలు సహకరించలేదు, అంతేకదా." కాస్త ఆలోచించి మెత్తబడ్డారు. "అయినా పొరపాటు పొరపాటే. ఒక సవరణ ఉత్తర్వు వేయండి. ఉన్నదాన్ని రద్దు చేయకుండా, సరిదిద్దినట్టుండాలి. మిషను ఆపే సంగతి కూడా దాంతోనే తేలిపోతుంది. రాసి తెస్తే సంతకం పెడతాను."

కామేశం సీట్లో కూచుని కాగితం తీశాడు. ఒక్క వాక్యం చాలు. ‘కాలనీ అని ఉన్న ప్రతిచోటా తేనెటీగల కాలనీ అని చదువవలెను.’ రాశాక మళ్ళీ చూసుకున్నాడు. చదువవలెనా, చదువుకొనవలెనా? చదువవలెనంటే ఒకరు చదివి వినిపించాలన్నట్టుంది. చదువుకొనవలెనంటే గ్రాంథికం. మొన్ననే ఊరంతా తేటతెలుగని మెచ్చుకుంది. ఆరుసార్లు కొట్టేసి, చివరికి ‘చదువుకోవలెను’ అని తేల్చి, సొంత దస్తూరీలో ముత్యాల్లా ఎత్తిరాశాడు. చూసుకుంటే బాగుంది. తల ఎత్తి గడియారం చూస్తే అరగంట అయింది.

సంతకం పెట్టించుకుని సైకిలు తొక్కుకుంటూ ఇల్లు చేరేసరికి మిషను వచ్చి వెళ్ళిపోయింది. వీధంతా కిరసనాయిలు కంపు. పొగ ఇంకా పూర్తిగా విడలేదు. గేటు పక్కన పెద్ద పెట్టె ముందు పారిజాతాలు రాలినచోట, పూలకన్న ఎక్కువగా ఈగలు రాలి ఉన్నాయి. కొన్ని ఇంకా కదులుతున్నాయి.

భ్రమరాంబ పెరట్లో చిన్న పెట్టె మీద తడిదుప్పటి కప్పి, దాని నోరు అరచేత్తో మూసి, ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని నేలమీదే కూచుంది. కళ్ళు ఎర్రబడ్డాయి.

"పది నిమిషాలయిందండీ వాళ్ళు వెళ్ళి. ఆగమన్నాను. ఆర్డరుందా అన్నారు. వస్తోందన్నాను." దగ్గింది. "మీ పెట్టె కూడా మూద్దామనుకున్నాను. రెండు చేతులేగా నాకు."

ఆ అరగంట ఎక్కడికి పోయిందో ఆవిడ అడగలేదు. అడిగి ఉంటే ‘చదువవలెను’కీ ‘చదువుకోవలెను’కీ మధ్య పోయిందని చెప్పాల్సి వచ్చేది. కామేశం పారిజాతం కింద చతికిలబడి ఈగలని ఒక్కొక్కటే ఏరి అరచేతిలో వేసుకున్నాడు. వాటి మధ్యలో పొడుగాటి రాణి కూడా దొరికింది. దాన్ని విడిగా పెట్టాడు. ఆ పూట అన్నం తినలేదు.

సవరణ ఉత్తర్వు మాత్రం అక్షరాలా అమలైంది. కాలనీ అని ఉన్న ప్రతిచోటా తేనెటీగల కాలనీ అని చదువుకోవాలంటే, ముందు అలా రాసి ఉండాలి కదా అని లోవరాజు రంగు డబ్బాలతో బయల్దేరాడు. వారం తిరక్కుండా ఊళ్ళో ఇరవై మూడు బోర్డులూ మారాయి. తేనెటీగల శాంతినగర్ కాలనీ, తేనెటీగల టెలిఫోన్ కాలనీ, తేనెటీగల పోలీసు కాలనీ. నివాస ధ్రువపత్రాల్లో కూడా అలాగే వచ్చింది. పాపారాయుడు ఆ పత్రం పట్టుకుని పార్కునుంచి తిన్నగా కామేశం దగ్గరికొచ్చాడు.

"కామేశం గారూ, నేనేటి? మనిషినా, ఈగనా? ఆధార్‌లో ఒహటి, ఇందులో ఒహటి ఉంటే పింఛను ఎవరికిస్తారండీ?"

"సవరణకి సవరణ వేయిస్తానండి," అన్నాడు కామేశం.

"వద్దు బాబూ, తమకి దండం," అని పాపారాయుడు చేతులు జోడించాడు. "ఇప్పటికి ఈగనే. ఇంకోటి వేస్తే దోమనైపోతాను."

విలీనం కూడా జరిగింది. రోడ్డుకి అడ్డంగా కట్టిన వార్తాపత్రికలని మూడోరోజు ఒక ఆవు తినేసింది. కలయిక స్వచ్ఛందంగా పూర్తయినట్టు రికార్డు చేశారు. అధ్యక్షుడు పాపారాయుడు సోమరుల జాబితాలో ఉన్నందువల్ల ఖాళీ ఏర్పడింది. రెండు కాలనీల ఆడవాళ్ళూ కలిసి భ్రమరాంబనే అధ్యక్షురాల్ని చేసుకున్నారు. ఆవిడ మొదటిరోజే గేటుకి కట్టిన తడికలు పీకించి, పార్కులోని మగవాళ్ళని ఇళ్ళకి రమ్మని కబురు పెట్టింది. కొందరు రామన్నారు.

బహుమతి పల్లంపేటకే వచ్చింది. విలీనం పోగా ఇరవై రెండు కాలనీలు, ఊరి జనాభా లెక్కన నలభై ఒక్క వేల తేనెటీగలు, చలికి ఒక్కటీ చావలేదని న్యాయనిర్ణేతలు ముక్కున వేలేసుకున్నారు. సభలో కమిషనర్ గారు ప్రజాభాషలో సూత్రాలు రచించినందుకని కామేశానికి శాలువా కప్పించారు. ఫొటోలో అతను కిందికి చూస్తున్నాడు. వినయమని అందరూ అనుకున్నారు.

ధనుర్మాసం వెళ్ళింది. ఒక ఆదివారం పొద్దున్న భ్రమరాంబ అతన్ని పెరట్లోకి పిలిచింది. చిన్న పెట్టె మూత తీసి చూపించింది. లోపల పలకలన్నీ ఈగలతో నల్లగా ఉన్నాయి. ఒక పలక అంచున తెల్లటి మైనపు మూతలేసిన కొత్త తేనె.

"ఏ సూత్రమూ పాటించలేదు," అంది. "ఆ పొగ రోజు తప్ప కప్పలేదు, మూయలేదు, ఊరికే చూస్తూ కూచున్నాను. మీ పెట్టెలో ఎన్ని మిగిలాయి?"

"గుప్పెడు. రాణి లేదు. ఇంకో పదిరోజులు ఉంటాయేమో."

"అయితే ఇప్పుడు ఏది బలహీన కాలనీ?"

కామేశం గేటు పక్కనుంచి పెద్ద పెట్టెని తనే మోసుకొచ్చాడు. దాని బరువు ఏమీ లేకపోవడం చేతులకి తెలిసి, నూతి దాకా వచ్చేలోపు రెండుసార్లు ఆగాడు. చిన్న పెట్టె మీద దాన్ని పెట్టాలి, నడుమ ఒక కాగితం పరవాలి. పాత పేపరు తెస్తానని లోపలికి తిరిగాడు.

"పేపరెందుకు? ఇదుంది," అంటూ ఆవిడ బొడ్లోంచి రెండు కాగితాలు తీసింది. ఒకటి పది సూత్రాలు. రెండోది ఆవిడకి రాసిన నోటీసు. చిన్న పెట్టె మీద వాటిని పక్కపక్కన పరిచి, పిన్నీసుతో అక్కడక్కడా చిల్లులు పొడిచింది. కామేశం పెద్ద పెట్టెని వాటి మీద మెల్లగా దించాడు. తన ముత్యాల దస్తూరీ చీకట్లోకి పోవడం చూస్తూ నిలబడ్డాడు. బాధేమీ కలగలేదు. కొంచెం కలిగిందేమో గానీ పైకి అనలేదు.

మూడు రోజులు ఇద్దరూ అక్కడే కాఫీలు తాగారు. నాలుగోరోజు పొద్దున్న పెట్టె నోటి దగ్గర సందడి మొదలైంది. ఈగలు లోపల్నుంచి నమిలిన కాగితం పీచు ఒక్కొక్కటే మోసుకొచ్చి, గుమ్మం దాటించి, బయట పడేసి, మళ్ళీ లోపలికి వెళ్తున్నాయి. పై పెట్టె ఈగలూ కింది పెట్టె ఈగలూ కలిసే మోస్తున్నాయి, ఏది ఎవరిదో పోల్చుకోవడానికి లేదు. ఇరవై రెండేళ్ళలో కామేశం ఉత్తర్వుని ఇంత శ్రద్ధగా మొదట్నించీ చివరిదాకా చూసినవాళ్ళు లేరు. పైగా ఎవరి కోసం రాశాడో ఇన్నాళ్ళకి వాళ్ళకే చేరింది.

కాస్త పెద్ద ముక్క ఒకటి వచ్చి అతని కాలి దగ్గర పడింది. వంగి తీసుకుని వెలుతుర్లో పట్టుకుని చూశాడు.

"ఏం రాసుంది?" అడిగింది భ్రమరాంబ.

"వలెను అని ఉంది."

"ఏం చేయవలెనట?"

కామేశం ముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అది నమిలేశాయి," అన్నాడు.